బెంగళూరులో ఇల్లు కడుతున్న తెలుగువారికి: నీళ్ల లైన్లు, డ్రెయినేజీ, వెంట్ పైపులపై తరచుగా అడిగే ప్రశ్నలు

హొరమావు, కేఆర్ పురం, సర్జాపుర రోడ్డు వైపు సొంతిల్లు కట్టుకుంటున్న మనవాళ్లు, అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ వాసనతో విసిగిపోయినవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు ఇవి. టైల్స్ ఎంచుకోవడానికి వారాల తరబడి షాపులు తిరుగుతాం. గోడలో శాశ్వతంగా మూసేసే పైపుల్ని మాత్రం ఒక పూటైనా నిలబడి చూడం. ఆ ఒక్క పూట చూడటానికి కావలసినంత విషయం ఇక్కడ ఉంది.

ఇంటి ప్లంబింగ్‌లో అసలు ఎన్ని రకాల లైన్లు ఉంటాయి?

మూడు. మంచి నీళ్లు తెచ్చే సప్లై లైన్, వాడిన నీళ్లు తీసుకుపోయే డ్రెయినేజీ లైన్, ఆ డ్రెయినేజీకి గాలి అందించే వెంట్ లైన్. సప్లైలో నీళ్లు ఒత్తిడి మీద నడుస్తాయి కాబట్టి పైకైనా, అడ్డంగానైనా వెళ్తాయి. డ్రెయినేజీలో ఆ ఒత్తిడి ఉండదు, వాటం ఉంటేనే నీళ్లు కదులుతాయి. వెంట్‌లో నీళ్లే ఉండవు. అందుకే అది దండగ అనుకుని చాలామంది ఎగరగొట్టేస్తారు. దుర్వాసన, గుడగుడ శబ్దం, కమోడ్ సరిగ్గా లాగకపోవడం వంటి బాధలు చాలా ఇళ్లలో అక్కడే మొదలవుతాయి.

కావేరి కనెక్షన్ ఉంది కదా, సంప్ (నేల కింద కట్టే నీళ్ల ట్యాంకు) ఎందుకు? ఎంత పెద్దది కట్టాలి?

కావేరి నీళ్లు తొరెకాడనహళ్లి నుంచి దాదాపు 100 కిలోమీటర్ల దూరం, సుమారు అర కిలోమీటరు ఎత్తు పంపు చేస్తే గానీ బెంగళూరు చేరవు. మొదటి దశ 1974లో మొదలైంది. 2024 అక్టోబరులో ప్రారంభమైన ఐదో దశతో రోజుకు 77.5 కోట్ల లీటర్ల సామర్థ్యం కలిసింది. అయినా చాలా ఏరియాల్లో నీళ్లు రోజంతా రావు, వచ్చినప్పుడు పట్టి పెట్టుకోవాల్సిందే. అందుకే ఇక్కడ సంప్ లేని ఇల్లు అరుదు.

మన ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలి, అందులో 45 లీటర్లు ఫ్లష్‌కే పోతాయి. ఐదుగురికి రోజుకు 675 లీటర్లు. మూడు రోజుల నిల్వ అంటే రెండు వేల లీటర్ల పైచిలుకు. పైన అద్దె పోర్షన్లు వేస్తే వాళ్లనీ లెక్కలో కలపండి. ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పించే పరిస్థితి ఉంటే ఒక లోడు మొత్తం పట్టేలా 6,000 లీటర్లకు తగ్గకుండా కట్టడం మేలు.

సంప్ ఎక్కడ కడుతున్నారన్నది సైజు కంటే ముఖ్యం. డ్రెయినేజీ ఛాంబర్లు ఇంటికి ఒక పక్క ఉంటే సంప్ ఇంకో పక్క ఉండాలి. మూత నేలమట్టానికి కనీసం అర అడుగు పైన ఉండాలి, లేకపోతే మొదటి పెద్ద వానకే వీధి నీళ్లు లోపలికి దిగుతాయి. కావేరి పైపు నోరు సంప్‌లో నీళ్లు నిండే మట్టానికి పైనే ఆగాలి. అది నీళ్లలో మునిగి ఉంటే, వీధి లైన్‌లో ఒత్తిడి పడిపోయినప్పుడు మీ సంప్ నీళ్లు వెనక్కి లాగబడతాయి.

బోరు నీళ్లు, కావేరి నీళ్లు ఒకే సంప్‌లో కలపవచ్చా?

వీలైతే వద్దు. బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పుగా, గట్టిగా ఉంటాయి. గీజర్ కాయిల్ మీద, షవర్ రంధ్రాల్లో తెల్లగా పేరుకునేది అదే. రెండు ట్యాంకులు పెట్టుకుని వంటింటికి, గీజర్‌కు కావేరి, ఫ్లష్‌కు, మొక్కలకు బోరు ఇస్తే చాలు. ఖర్చు కొంచెం పెరుగుతుంది, కానీ ఇల్లు కట్టేటప్పుడే వేస్తే అది పెద్ద మొత్తం కాదు.

వీధి లైన్‌కు నేరుగా మోటారు బిగించే పని మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు. అది నేరం. పైగా అలా లాగినప్పుడు భూమిలో పైపు పగుళ్ల దగ్గరున్న మురుగు కూడా లోపలికి వస్తుంది. మీ ఇంటికే కాదు, వీధి మొత్తానికి.

పై అంతస్తులో షవర్ సన్నగా వస్తోంది. పెద్ద ట్యాంకు పెడితే ప్రెజర్ పెరుగుతుందా?

పెరగదు. ప్రెజర్ ట్యాంకు ఎత్తును బట్టి వస్తుంది, అందులో ఎన్ని లీటర్లు ఉన్నాయన్నదాన్ని బట్టి కాదు. ప్రెజర్‌ను బార్లలో కొలుస్తారు, 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్. మీ షవర్‌కు ట్యాంకు 3 మీటర్ల పైన ఉంటే దక్కేది 0.3 బార్. షోరూమ్‌లో చూసి మురిసిపోయిన పెద్ద రెయిన్ షవర్‌కు అది చాలదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో అదే ఇంట్లో నీళ్లు బాగా వస్తాయి, ఎందుకంటే అక్కడికి ఎత్తు ఎక్కువ.

రెండు దార్లు ఉన్నాయి. ట్యాంకు కింద దిమ్మె ఎత్తు పెంచడం ఒకటి, పై అంతస్తుకు మాత్రం చిన్న ప్రెజర్ పంపు పెట్టడం రెండోది. దానికి ముందు ట్యాంకు నుంచి దిగే పైపు సైజు చూడండి. ట్యాంకు దగ్గర అంగుళంన్నర పైపుతో మొదలై, బాత్రూమ్ దాకా అంగుళం, అక్కడి నుంచి ముప్పావు అంగుళం వచ్చి, చివర కుళాయి దగ్గర మాత్రమే అర అంగుళం కావాలి. డబ్బు ఆదా అని మొదటి నుంచీ సన్న పైపు లాగేస్తే ఏ పంపూ దాన్ని పూర్తిగా సరిచేయలేదు. ఎత్తయిన అపార్ట్‌మెంట్లలో సమస్య తిరగబడుతుంది. 15 అంతస్తులు అంటే కింది ఫ్లాట్‌కు 4 బార్లకు పైన పడుతుంది, ఫిట్టింగులు తట్టుకోలేవు. అందుకే మధ్యలో ప్రెజర్ తగ్గించే వాల్వులు పెడతారు.

సీపీవీసీ, యూపీవీసీ, జీఐ పైపులు. ఏది ఎక్కడ?

వేడి నీళ్లకు సీపీవీసీ ప్లాస్టిక్ పైపు. ఇది 90 డిగ్రీలు దాటిన వేడిని కూడా తట్టుకుంటుంది, పైపు మీద భారత ప్రమాణం నంబరు ఐఎస్ 15778 అని అచ్చు ఉండాలి. చల్ల నీళ్లకు యూపీవీసీ చాలు, కానీ గీజర్ లైన్‌కు దాన్ని వాడితే మెత్తబడి జాయింట్లు వదులుతాయి. జీఐ అంటే జింకు పూసిన ఇనుప పైపు, దాని లోపల తుప్పు పడుతుంది, ఇప్పుడు కొత్త ఇళ్లకు వేయాల్సిన అవసరం లేదు. సీపీవీసీ గమ్ము, యూపీవీసీ గమ్ము వేరువేరు. ఒక డబ్బాతో రెండింటినీ అతికిస్తుంటే ఆపించండి. డాబా మీద ఎండలో ఉండే ప్లాస్టిక్ పైపులకు పెయింటు వేయించాలి, లేకపోతే కొన్నేళ్లకు పెళుసుబారతాయి.

డ్రెయినేజీకి ఎస్‌డబ్ల్యూఆర్ పైపులు (మలినం, వాడిన నీళ్లు, వాన నీళ్ల కోసం చేసినవి), ఐఎస్ 13592. వీటిలో టైప్ ఏ పలచన, వెంట్‌కు, వాన నీళ్లకు పనికొస్తుంది. కమోడ్, బాత్రూమ్ లైన్లకు మందంగా ఉండే టైప్ బీ కావాలి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. బిల్లు మీద కాదు, పైపు మీద చదవండి.

ట్రాప్ అంటే ఏమిటి? అంత ముఖ్యమా?

సింకు కింద పైపు వంపు తిరిగి, ఆ వంపులో కొంచెం నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి చూశారా, అదే ట్రాప్. ఆ నీళ్లే మీ ఇంటికీ, ఊరి మురుగు గ్యాసుకూ మధ్య ఉన్న తలుపు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ ఎస్ ఆకారపు వంపుకు లండన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. రెండున్నర శతాబ్దాలు గడిచినా సూత్రం మారలేదు.

నిలిచే నీళ్ల లోతు కనీసం 50 మి.మీ., అంటే రెండంగుళాలు ఉండాలి. మార్కెట్లో దొరికే కొన్ని చవక నహానీ ట్రాపుల్లో (బాత్రూమ్ నేలలో బిగించేవి) అంత లోతు ఉండదు. కొనేటప్పుడు నీళ్లు పోసి స్కేలుతో కొలవండి, షాపువాడు ఏమనుకున్నా ఫర్వాలేదు. కమోడ్‌కు ట్రాప్ దానిలోనే ఉంటుంది. వాష్ బేసిన్‌కు బాటిల్ ట్రాప్, బాత్రూమ్ నేలకు ఫ్లోర్ ట్రాప్, ఇంటి బయట వాడుక నీళ్ల లైన్‌కు గల్లీ ట్రాప్ పెట్టాలి.

బాత్రూమ్‌లో దుర్వాసన. రోజూ ఫినాయిల్ పోసినా పోవడం లేదు. ఎందుకు?

ఫినాయిల్ నేలను శుభ్రం చేస్తుంది, వాసన వచ్చేది పైపు లోపలి నుంచి. కారణాలు చాలా ఉండవచ్చు, సులువైనవాటితో మొదలుపెట్టండి.

ట్రాప్ ఎండిపోయిందేమో చూడండి. గెస్ట్ బాత్రూమ్, బాల్కనీ జాలీ, సంక్రాంతికి ఊరెళ్లి వారాల తరబడి తాళం వేసిన ఇల్లు, ఇవన్నీ ఎండిపోయేవే. ఒక చెంబు నీళ్లు పోసి కాసేపు ఆగితే వాసన తగ్గితే కారణం అదే. చాలా రోజులు వాడని ట్రాప్‌లో నీళ్ల మీద రెండు చెంచాల వంటనూనె వేస్తే నీళ్లు త్వరగా ఆవిరి కావు.

తర్వాత బేసిన్ కింద పైపు గోడలోకి వెళ్లే చోటు చూడండి. ముడతల ప్లాస్టిక్ గొట్టాన్ని వదులుగా దూర్చి వదిలేస్తే చుట్టూ ఉన్న సందులోంచి గ్యాసు వస్తుంది. అక్కడ రబ్బరు రింగు బిగిస్తే సరిపోతుంది. బెడ్‌రూమ్‌లో ఏసీ వేసినప్పుడే వాసన వస్తుంటే, ఏసీ నీళ్ల గొట్టాన్ని ట్రాప్ లేకుండా నేరుగా డ్రెయినేజీ పైపుకు కలిపి ఉంటారు. ఇది బెంగళూరు ఫ్లాట్లలో తరచూ కనిపించే తప్పు.

ఎండిన ట్రాప్‌ను చిన్న విషయంగా తీసుకోవద్దు. 2003లో సార్స్ వ్యాపించినప్పుడు హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో 300 మందికి పైగా జబ్బు పడ్డారు. ఎండిపోయిన ఫ్లోర్ ట్రాపుల గుండా, బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు లాగిన గాలి వెంట వైరస్ ఒక ఫ్లాట్ నుంచి ఇంకో ఫ్లాట్‌కు చేరిందని దర్యాప్తులో తేల్చారు. మన బాత్రూముల్లోనూ తలుపు మూసి ఎగ్జాస్ట్ వేస్తే అది గాలిని ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచే లాగుతుంది.

పై ఇంటివాళ్లు ఫ్లష్ చేస్తే మా బాత్రూమ్ జాలీలో గుడగుడమని శబ్దం వస్తోంది. ఎందుకు?

వెంట్ లేకపోవడం వల్ల, లేదా అది మూసుకుపోవడం వల్ల. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమందికి అర్థం కాకుండా ఉండిపోయేది ఇదే.

నిలువు పైపులో నీళ్లు జారేటప్పుడు వాటి వెనక ఖాళీ ఏర్పడుతుంది, ముందున్న గాలి నెట్టుకుపోతుంది. వెనక ఖాళీలోకి గాలి రావాలి, ముందున్న గాలికి బయటికి దారి కావాలి. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెట్టి వంచితే నూనె గుటుకు గుటుకుమని ఆగి ఆగి పడుతుంది, ఇంకో పక్క చిన్న చిల్లు పెట్టగానే సాఫీగా దిగుతుంది. ఆ రెండో చిల్లే వెంట్ పైపు. అది లేనప్పుడు పైపు తనకు కావలసిన గాలిని మీ ట్రాప్ గుండా లాక్కుంటుంది. మీకు వినిపించే గుడగుడ అదే. నాలుగైదుసార్లు అలా జరిగేసరికి ట్రాప్‌లో నీళ్లు పైపులోకి వెళ్లిపోతాయి, తలుపు తెరుచుకుంటుంది, వాసన మొదలవుతుంది. చెంబు నీళ్లు పోస్తే తగ్గి, సాయంత్రానికి మళ్లీ వస్తుందంటే ఆవిరైపోవడం కాదు, ఇలా లాగేయడమే కారణం.

దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. నిలువు పైపు అడుగున మలుపు దగ్గర గాలి నొక్కుకుని, కింది ఫ్లాట్ కమోడ్‌లో బుడగలై పైకి లేస్తుంది. అందుకే ఎత్తయిన భవనాల్లో గ్రౌండ్ ఫ్లోర్ లైన్‌ను నిలువు పైపుకు కలపకుండా, విడిగా బయటి ఛాంబర్‌కు తీసుకెళ్లాలి. బిల్డర్ డ్రాయింగ్‌లో ఇది ఉందో లేదో అడగడానికి మొహమాటపడకండి.

వెంట్ పైపును ఎక్కడ దాకా తీసుకెళ్లాలి? మా మేస్త్రీ చజ్జా కింద ఆపేస్తానంటున్నాడు.

ఒప్పుకోవద్దు. నిలువు డ్రెయినేజీ పైపునే అదే సైజులో డాబా దాటించి పైకి తీసుకెళ్లాలి. డాబా మీద మనుషులు తిరుగుతారు, బట్టలు ఆరేస్తారు, పిల్లలు ఆడతారు కాబట్టి అక్కడి నుంచి 2 మీటర్ల ఎత్తు ఉండాలి. పక్కింటివాళ్ల కిటికీకి ఎదురుగా, ఓవర్‌హెడ్ ట్యాంకు మూతకు ఆనుకుని రాకూడదు. పైన కౌల్ (పైపు తలకు పెట్టే టోపీ) బిగించి దానికి జాలీ ఉండేలా చూడండి. కౌల్ లేకపోతే ఆకులు, పక్షి గూళ్లు చేరతాయి. జాలీ లేకపోతే దోమలు పైపులోంచే పుట్టుకొస్తాయి. చుట్టూ షెడ్డు వేసేటప్పుడు చాలామంది ఈ పైపును కోసి మూత పెట్టేస్తారు. ఆ నెలలోనే కింద వాసన మొదలైందని ఫోన్ చేస్తారు.

గోడలు పగలగొట్టలేని పాత ఇళ్లకు గాలిని లోపలికి మాత్రమే తీసుకునే వాల్వులు దొరుకుతాయి. ట్రాప్ లాగేయకుండా అవి కాపాడతాయి గానీ, లోపల నొక్కుకున్న గాలిని బయటికి వదలవు. కనీసం ఒక పైపైనా ఆకాశంలోకి తెరిచి ఉండాల్సిందే.

డ్రెయినేజీ పైపుకు ఎంత వాటం ఇవ్వాలి?

ఇంటి లోపలి 110 మి.మీ. పైపుకు 40కి 1. మన లెక్కలో 10 అడుగులకు 3 అంగుళాలు. బయట ఛాంబర్ల మధ్య 160 మి.మీ. పైపుకు 10 అడుగులకు 2 అంగుళాలు సరిపోతుంది. వాటం తక్కువైతే మలినం నిలిచిపోతుంది. మరీ ఎక్కువైతే మేలు అనుకోవద్దు, అనవసరంగా లోతు పెరిగి వీధి మ్యాన్‌హోల్ మట్టం కంటే కిందికి దిగిపోతారు. అందుకే తవ్వకం మొదలుపెట్టకముందే వీధి మ్యాన్‌హోల్ లోతు కొలిచి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి. కంటితో చూసి సరే అనవద్దు, లెవెల్ పైపు పెట్టించండి.

మలుపుల్లో 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45 డిగ్రీల బెండ్లు, రెండు పైపులు కలిసే చోట టీ ఆకారపు ఫిట్టింగ్ బదులు వై ఆకారపుది వాడాలి. ప్రతి మలుపు దగ్గరా, తెరిచి శుభ్రం చేసుకునేలా డోర్ ఉన్న ఫిట్టింగ్ ఉండాలి, అదీ చేయి పట్టే చోట. డోర్ గోడవైపు తిరిగి ఉన్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

హ్యాండ్ షవర్ బకెట్‌లో మునిగి ఉంటే ప్రమాదమా?

అవును. లైన్‌లో నీళ్లు ఆగి ఖాళీ ఏర్పడితే బకెట్‌లోని సబ్బునీళ్లు పైపులోకి వెనక్కి వెళ్తాయి. కమోడ్ పక్కన ఉండే హెల్త్ ఫాసెట్‌కైతే ఇది ఇంకా చెడ్డది. వాడాక కొక్కేనికి తగిలించి, దాని యాంగిల్ వాల్వ్ కట్టేయడం అలవాటు చేసుకోండి.

మా అపార్ట్‌మెంట్‌లో ఎస్‌టీపీ నీళ్లు (శుద్ధి చేసిన మురుగు నీళ్లు) ఫ్లష్‌కు ఇస్తున్నారు. భయపడాలా?

శుద్ధి సరిగ్గా జరిగితే ఫ్లష్‌కు అవి మంచివే, ఈ ఊరికి అవసరం కూడా. భయపడాల్సింది రెండు లైన్లు పొరపాటున కలిసిపోవడం గురించి. ఫ్లాట్ తీసుకునేటప్పుడు ఫ్లష్ లైన్ వాల్వ్ కట్టేసి కుళాయిలు, హెల్త్ ఫాసెట్ అన్నీ తిప్పి చూడండి, నీళ్లు రావాలి. తర్వాత మంచినీళ్ల వాల్వ్ కట్టేయండి, ఫ్లష్ ట్యాంకు మాత్రమే నిండాలి. వేరే ఎక్కడ చుక్క వచ్చినా లైన్లు కలిశాయని అర్థం. రెనొవేషన్ చేయించుకున్న ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

డాబా వాన నీళ్లను డ్రెయినేజీ ఛాంబర్‌లోకి వదిలితే ఏమవుతుంది?

వీధి అంతా అదే చేస్తే, వాన పడ్డ రోజు గ్రౌండ్ ఫ్లోర్ కమోడ్‌లోంచి మురుగు పైకి తన్నుతుంది. భూగర్భ డ్రెయినేజీ పైపులు మురుగు కోసం లెక్కగట్టినవి, వాన కోసం కాదు. వాన నీళ్ల దారి వేరు: వీధి కాలువ, అక్కడి నుంచి రాజకాలువ అనే పెద్ద వాన నీటి కాలువ.

అసలు వాటిని వీధిలోకి పంపడమే నష్టం. బెంగళూరులో ఏడాదికి 900 మి.మీ. పైనే వాన పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద పడేది 80 వేల లీటర్లకు పైమాట. 2009లో బెంగళూరు జలమండలి (బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ) చట్టాన్ని సవరించి 30×40 అడుగుల, అంతకంటే పెద్ద సైట్లలో కట్టే కొత్త ఇళ్లకు వాన నీటి సేకరణ తప్పనిసరి చేశారు. నిబంధన కోసం ఒక డ్రమ్ము పెట్టి ఊరుకోకుండా, ఫిల్టర్ వేసి సంప్‌కు, మిగిలింది ఇంకుడు గుంతకు పంపండి.

ప్లాస్టరింగ్‌కు ముందు నేను స్వయంగా ఏం చూడాలి?

సప్లై లైన్లన్నీ మూసి హ్యాండ్ పంపుతో, పనిచేసే ప్రెజర్‌కు ఒకటిన్నర రెట్లు ఎక్కించి గేజీ చూడండి. ముల్లు కిందికి దిగకూడదు. డ్రెయినేజీ పైపుల కింది నోరు మూసి నీళ్లతో నింపి, జాయింట్లు చేత్తో తడిమి చూడండి. బాత్రూమ్ సంకన్ స్లాబ్‌కు (పైపుల కోసం కిందికి దించి వేసిన స్లాబ్) వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నీళ్లు కట్టి కనీసం రెండు రోజులు ఉంచండి, కింది సీలింగ్‌లో చెమ్మ కనిపిస్తే టైల్స్ పని ఆపించండి. ఇదంతా తొందర చేసి దాటించాలని చూస్తారు. ఆపి నిలబడండి.

ఆఖరున ప్రతి గోడకూ టేపు పెట్టి ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. పదేళ్ల తర్వాత టీవీ స్టాండ్ కోసం డ్రిల్లు పెట్టేటప్పుడు అవే అక్కరకొస్తాయి. ఇక్కడి సైట్లలో చాలామంది ప్లంబర్లు ఒడిశాలోని కేంద్రపడా వైపు నుంచి వచ్చినవాళ్లు, పని తెలిసినవాళ్లు. భాష రాదని మధ్యవర్తితో మాట పంపకుండా నేరుగా వాళ్లతో కూర్చుని గీత గీసి మాట్లాడండి, పని తేడా మీకే కనిపిస్తుంది.

లైన్ జామ్ అయితే యాసిడ్ పోయవచ్చా?

వద్దు. వంటింటి సింకు అయితే ముందు బాటిల్ ట్రాప్ విప్పి కడగండి, నూటికి తొంభైసార్లు దోసెపిండి, నూనె జిడ్డు అక్కడే ఉంటాయి. తర్వాత ప్లంజర్, అప్పటికీ కాకపోతే స్ప్రింగ్ కేబుల్. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ పడితే క్లోరిన్ గ్యాసు వస్తుంది, మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాంతకం.

ఛాంబర్ నిండిపోయింది. ఒక మనిషిని లోపలికి దించి తీయించమంటున్నారు. దించవచ్చా?

ఎట్టి పరిస్థితిలోనూ దించకండి. మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు పనిచేయడం మానేస్తుంది, గ్యాసు పోయిందనుకుని దిగినవాడు కొన్ని క్షణాల్లో స్పృహ తప్పుతాడు. అతన్ని లాగడానికి దిగిన రెండో మనిషీ అక్కడే పడిపోతాడు. ఇలాంటి వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడాన్ని 2013 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. దించినవాళ్లకు మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అసోసియేషన్ కమిటీ చెప్పింది, కాంట్రాక్టర్ పంపాడు అంటే సరిపోదు.

వీధి లైన్ జామ్ అయితే జలమండలి 1916కు ఫోన్ చేసి జెట్టింగ్ మెషిన్ అడగండి. మీ ఆవరణ లోపలిదైతే మెషిన్ ఉన్న ఏజెన్సీని పిలవండి. మెషిన్ రావడానికి ఒక రోజు పట్టినా ఆ రోజుకు బాత్రూమ్ వాడకం తగ్గించుకుని ఆగండి.